ఆ ఉదయం నా కూతురు ఎవరో నాకు తెలియలేదు

ఈ ఉత్తరం ఆరు పేజీలు. చేత్తో రాసి, ఫోటోలు తీసి పంపారు. మొదటి పేజీలో నిటారుగా ఉన్న అక్షరాలు నాలుగో పేజీకి వచ్చేసరికి వాలిపోయాయి. ఆరో పేజీ పెన్సిల్‌తో ఉంది. "పెన్ను జారిపోతోంది, చెయ్యి అలిసింది" అని మధ్యలో రాసుకున్నారు. పేరు వద్దన్నారు. మొత్తం ఇక్కడ పట్టదు కాబట్టి ముఖ్యమైనంత వరకు చెబుతాను.

ఆవిడ వయసు 44. పద్నాలుగు నెలల కిందట ఒక ఉదయం పళ్లు తోముకుంటుంటే కుడిచేతిలోంచి బ్రష్ జారిపోయింది. వంగి తీద్దామని చూస్తే తన చెయ్యి ఎక్కడ అయిపోయిందో, సింకు గట్టు ఎక్కడ మొదలైందో తెలియలేదట. అంతలో తలలో నడిచే మాటలన్నీ ఆగిపోయాయి. "ఫ్రిజ్ మోటారు ఆగినప్పుడు గానీ అప్పటిదాకా అది మోగుతోందని తెలియదు కదా, అలా ఆగాయి" అని రాశారు. గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయారు. ఎడమ మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళంలో గడ్డ అడ్డుపడిందని, అది స్ట్రోక్ అని తరువాత తెలిసింది.

పదకొండేళ్ల కూతురు తలస్నానం చేసి వచ్చి ఏదో చెబుతోంది. ఆ మాటలు వినబడుతున్నాయి, ఒక్కదానికీ అర్థం లేదు. పాప జుట్టులోంచి ఒక నీటి చుక్క ఈవిడ మణికట్టు మీద పడి నెమ్మదిగా జారింది. ఆ చుక్కను చూస్తూ నవ్వారు. ఎదురుగా ఉన్నది ఎవరో మాత్రం తెలియలేదు. అమ్మ ఆటలాడుతోందనుకుని పాప జడ వేసుకోవడానికి వెళ్లిపోయింది. పావుగంట తరువాత వచ్చి చూస్తే అదే నవ్వు, కానీ ఒకవైపే ఉంది. అప్పుడు నాన్నకు ఫోన్ చేసింది. రెండు గంటలలోపే ఆసుపత్రికి చేరారు. గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇచ్చారు.

ఇప్పుడు నడుస్తున్నారు. కుడిచేతి వేళ్లలో తిమ్మిరి ఉంది. మాటలు వస్తాయి గానీ ఆలస్యంగా. సాయంత్రమయ్యేసరికి బాగా నీరసం. కానీ ఉత్తరం వీటి గురించి కాదు. "నా జీవితంలో అంత హాయి ఎప్పుడూ లేదు. ఆ హాయిలో నా కూతురు లేదు. ఇప్పటికీ నాకు ఆ నిశ్శబ్దమే కావాలనిపిస్తుంది. నేను తల్లినేనా?" ఇదీ ఆవిడ బాధ. కూతురు రోజూ పొద్దున్నే దగ్గరకొచ్చి "అమ్మా, నేనెవరు?" అని అడుగుతుంది. ఇంట్లో అందరూ నవ్వుతారు, పాప నవ్వదు. భర్త "నువ్వు మునుపటి మనిషివి అయిపోవాలి" అంటూ ఆవిడ మాట కోసం వెతుక్కుంటుంటే తనే అందిస్తాడు. అక్క మాత్రం "అది జబ్బు కాదే, దేవుడు నీకేదో చూపించాడు" అని బంధువులకు చెబుతోంది. ఆరో పేజీ చివర ఒక్క వాక్యం చిన్న అక్షరాల్లో ఉంది: స్ట్రోక్ మళ్లీ రాకుండా ఇచ్చిన మాత్రలు చేతిలో పెట్టుకుని, వేసుకోవాలా అని రెండుసార్లు ఆగిపోయానని.

"వీళ్లకు నిజం చెప్పాలా? చెబితే నా కూతురు ఏమైపోతుంది? చెప్పకపోతే నేనేమైపోతాను?"

*

చివరి వాక్యం నుంచే మొదలుపెడతాను. మిగతా అన్నింటికీ ఇలా చేస్తే ఇలా, అలా చేస్తే అలా అని మాట్లాడుకోవచ్చు. మాత్రల విషయంలో మాత్రం నా దగ్గర రెండో దారి లేదు. వేసుకోండి. మీరు చనిపోవాలని రాయలేదు, ఆ నిశ్శబ్దంలోకి ఇంకోసారి వెళ్లాలని రాశారు. ఆ తేడా నాకు అర్థమైంది. కానీ మీరు వెళ్లిన ఆ చోటికి స్ట్రోక్ మళ్లీ తీసుకెళ్తుందన్న హామీ ఎక్కడా లేదు. గడ్డ ఈసారి ఏ నాళంలో అడ్డుపడుతుందో ఎవరి చేతిలో ఉంది? మెదడును వెన్నుపాముతో కలిపే మెదడు కాండానికి వెళ్లే పెద్ద నాళంలో పడితే కొందరికి మనసంతా స్పష్టంగానే ఉండి శరీరం మొత్తం బిగుసుకుపోతుంది. కళ్లు పైకీ కిందకీ కదపడం, రెప్ప వేయడం తప్ప ఏమీ చేయలేరు. మీకు జరిగినదానికి ఇది సరిగ్గా తలకిందులు. మీలో మాటలు పోయి హాయి మిగిలింది, వాళ్లలో మాటలన్నీ లోపలే మిగిలి బయటికి దారి పోతుంది. రెండూ స్ట్రోక్‌లే.

ఇంకొకటి కూడా అడగాలి. నిశ్శబ్దం కావాలనిపించడం వేరు, తిరిగి రాకుండా ఉంటే బాగుండేదనిపించడం వేరు. స్ట్రోక్ వచ్చినవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి ఏదో ఒక దశలో డిప్రెషన్ వస్తుంది. కొంత మెదడుకు తగిలిన దెబ్బ వల్ల, కొంత జీవితం తారుమారైనందువల్ల. మందులున్నాయి, తగ్గుతుంది. మీకు రెండో రకం ఆలోచన ఎప్పుడు వచ్చినా నాకు ఉత్తరం రాస్తూ కూర్చోకండి, ఆ రోజే ఇంట్లో ఒకరికి, మీ డాక్టరుకు చెప్పండి. మాత్రలు పట్టుకుని ఆగిపోయిన ఆ రెండుసార్ల సంగతి ఎలాగూ చెప్పాల్సిందే.

ఇక ఆ ఉదయం గురించి.

స్పృహ అని మనం ఒకే మాట వాడతాం గానీ అందులో రెండున్నాయి. ఒకటి మెలకువ. అది మెదడు కాండం, దాని పైనున్న థాలమస్ చూసుకునే పని. రెండోది ఆ మెలకువలో ఏముందన్నది: ఇది నా చెయ్యి, ఇది నా ఇల్లు, ఈ పిల్ల నా కూతురు. అది పైన మెదడు పొర అంతటా పరుచుకున్న పని. మెదడులో ఒకపక్కే దెబ్బ తగిలినప్పుడు చాలామంది తెలివి తప్పరు. మెలకువగానే ఉంటారు, ఆ మెలకువలోంచి కొన్ని సామాన్లు మాయమవుతాయి. మీకు మాయమైంది భాష. కుడిచేతి వాటం ఉన్నవాళ్లలో నూటికి తొంభైకి పైగా మందికి భాష ఎడమవైపే. మనం పైకి మాట్లాడేదే కాదు, లోపల మనతో మనం మాట్లాడుకునేది కూడా చాలావరకు అక్కడి పనే. అందుకే మీ మోటారు ఆగింది.

చేతికీ సింకు గట్టుకీ మధ్య గీత చెరిగిపోయిందన్నారు. ఆ గీత కూడా మెదడు గంట గంటకూ, క్షణం క్షణం గీస్తున్నదే. 2002లో స్విట్జర్లాండ్‌లో ఒక మూర్ఛ రోగికి వైద్యం కోసం మెదడు కుడివైపు ఒకచోట కొద్దిపాటి కరెంటు ఇస్తే, ఆమెకు తాను పైకి తేలి మంచం మీదున్న తన శరీరాన్ని చూస్తున్నట్టు అనిపించింది. కరెంటు ఆపితే ఆగింది. 'నేను ఇక్కడిదాకా' అన్న లెక్క అంత సున్నితమైనది.

ఇలాంటి హాయిని చెప్పింది మీరొక్కరే కాదు. జిల్ బోల్టే టేలర్ అనే అమెరికా మెదడు శాస్త్రవేత్తకు 1996 డిసెంబర్ 10న, 37 ఏళ్ల వయసులో, ఎడమ మెదడులో రక్తనాళం చిట్లింది. తలలో మాటలు ఆగిపోవడం, ఒంటికి హద్దులు పోవడం, చెప్పలేనంత ప్రశాంతత, ఇవన్నీ ఆవిడ బాహాటంగా చెప్పారు. ఆ ప్రశాంతతలోనే సహాయం కోసం ఫోన్ చేయడానికి నానా తంటాలు పడ్డారు. అంకెలు వంకర గీతల్లా కనబడుతుంటే ఒక్కో గీతనూ పోల్చుకుంటూ నంబరు నొక్కారు, తీరా అవతల మనిషి ఎత్తాక నోట మాట రాలేదు. పూర్తిగా కోలుకోవడానికి ఎనిమిదేళ్లు పట్టిందని కూడా ఆవిడే చెప్పారు. మీకు పద్నాలుగు నెలలే అయింది. ఈ మాట మీ వారికి కూడా వినిపించండి. అయితే చాలామందికి ఆ గంట వట్టి భయం, అయోమయం. మీది అరుదైన అదృష్టమనీ అనను, జబ్బు చేసిన మాయ మాత్రమే అనీ అనను. మీరు అనుభవించిన హాయి నిజమే, దానికి కారణం గడ్డ కావడమూ నిజమే. మీ అక్కయ్య చెప్పేది ఆవిడ నమ్మకం, దాన్ని కాదనాల్సిన పని లేదు. కానీ ఆవిడ తెచ్చే బంధువులకు ఆ కథ మళ్లీ మళ్లీ చెప్పాల్సిన పని కూడా మీకు లేదు. "అలిసిపోయానక్కా" చాలు. అబద్ధం కూడా కాదు.

మీరు అడిగిన అసలు ప్రశ్న, తల్లినేనా అన్నది.

మా నాన్నకు స్ట్రోక్ కుడి మెదడులో వచ్చింది. ఎడమచెయ్యి పడిపోయింది. కానీ ఆయన దాన్ని ఒప్పుకునేవారు కాదు. ఒకరోజు తన ఎడమచేతినే నాకు చూపించి, "ఎవరిదమ్మా ఇది, నా పొట్ట మీద పడేశారు, తీసెయ్" అన్నారు. చిరాగ్గా, పూర్తి నమ్మకంతో. ఆయన మొండితనం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు కాబట్టి ఇదీ అదే అనుకున్నాను. మూడు వారాలు ఆయనతో వాదించాను. తన జబ్బు తనకు తెలియకపోవడం కూడా ఆ జబ్బులో భాగమేననీ, 1914లోనే జోసెఫ్ బాబిన్‌స్కీ అనే ఫ్రెంచి వైద్యుడు దానికి అనోసోగ్నోసియా అని పేరు పెట్టాడనీ తరువాత ఎవరో చెబితే తెలిసింది. తెలుసుకునే చోటే దెబ్బ తగిలితే, తెలియలేదన్న సంగతి ఎవరికి తెలుస్తుంది? యాభై ఏళ్లు వాడిన చేతినే ఆయన పరాయిదన్నారు. ఆ చేతి మీద ప్రేమ లేక కాదు కదా.

మీ సంగతీ అంతే. ఆ గంటలో 'కూతురు' అన్న మాటే కాదు, 'అమ్మ' అన్న మాటా లేదు. 'నేను' అన్నదే చెదిరిపోయింది. కూతుర్ని మరిచిపోవడానికి మరిచిపోయే మనిషంటూ ఒకరుండాలి. పైగా "హాయిగా ఉంది, అందులో నా కూతురు లేదు" అన్న వాక్యం ఆ ఉదయం తయారైంది కాదు. వాక్యాలు తిరిగొచ్చాక, నెలల తరువాత, మీరే దాన్ని అల్లి మీ మెడకు తగిలించుకున్నారు.

మూడో పేజీలో మీరు ఒక ముక్క రాసి దాటేశారు. పాప మాట్లాడుతుంటే "ఆ చప్పుడు ఆగకూడదనిపించింది" అన్నారు. మాటల అర్థం ఎడమవైపు పోయినా, గొంతులోని రాగాన్ని, లాలింపును పట్టుకునే పని ఎక్కువగా కుడివైపుది. అది మీకు చెడలేదు. చూశారా, ఎక్కడో తల్లి ఉంది అని నేను అనను. అంత తేలికైన ఓదార్పు మీరు నమ్మరు. కానీ మీ మీద మీరు కేసు పెట్టుకున్నప్పుడు ఈ సాక్షిని పిలవకుండా తీర్పు రాసేశారు.

ఇప్పుడు, చెప్పాలా వద్దా.

ఎవరికీ చెప్పకుండా ఉండవచ్చు. చాలామంది అలాగే ఉంటారు, లోకం మునగదు. కానీ మీ విషయంలో దానికి రెండు నష్టాలున్నాయి. మొదటిది మీ ప్రాణానికి సంబంధించింది. మీకు స్ట్రోక్ నొప్పిగా రాలేదు, హాయిగా వచ్చింది. రేపు అలాంటి నిశ్శబ్దమే హఠాత్తుగా మళ్లీ కమ్మితే మీరు ఎవరినీ పిలవరు. నవ్వుతూ కూర్చుంటారు. చూసినవాళ్లు కూడా బాగానే ఉన్నారనుకుంటారు, ఒకసారి అలాగే జరిగింది కూడా. అమెరికా లెక్కల్లో స్ట్రోక్ వచ్చినవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి అది మొదటిది కాదు. మీకు ఇచ్చిన ఆ ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపు ఇవ్వాల్సింది. కాబట్టి మీ స్ట్రోక్ లోపలి నుంచి ఎలా ఉంటుందో ఇంట్లో కనీసం ఒకరికి తెలిసి ఉండాలి. కారణం లేకుండా నేను మౌనంగా నవ్వుతుంటే అదే ప్రమాదం, అని. రెండో నష్టం సంగతి పాప దగ్గర చెబుతాను.

మీ వారికి మొత్తం చెప్పవచ్చు. ఆయన వెంటనే అర్థం చేసుకుంటారని హామీ ఇవ్వలేను. "మేమిక్కడ నరకం చూస్తుంటే నువ్వు హాయిగా ఉన్నావా" అని ఒక్కసారైనా అంటారు. అననివ్వండి. ఐసీయూ తలుపు బయట కూర్చున్న మనిషికీ ఒక కథ ఉంటుంది, దాన్ని ఆయనను ఇంతవరకు ఎవరూ అడిగి ఉండరు. నోటితో చెప్పాలనుకుంటే పొద్దున చెప్పండి. సాయంత్రం మాట తడబడుతుంది, ఆయన మధ్యలో అందిస్తారు, మీరు చెప్పాలనుకున్నది కాక ఆయన అందించింది మిగులుతుంది. లేదా అసలు చెప్పకండి, ఈ ఆరు పేజీలూ ఆయన చేతిలో పెట్టండి. మీరు రాయనే రాశారు. నాకు పంపినదానిలో సగం ఉత్తరం ఆయనకు రాసినట్టే ఉంది. ఆ తరువాత ఒక చిన్న ఒప్పందం: మీరు మాట కోసం వెతుక్కుంటున్నప్పుడు ఆయన మనసులో పది లెక్కపెట్టాలి, మీరు కనుసైగ చేస్తేనే అందించాలి. స్పీచ్ థెరపీకి వెళ్తున్నట్టయితే ఒకరోజు ఆయననూ తీసుకెళ్లండి. ఇంట్లోవాళ్లు ఎలా మాట్లాడాలో వాళ్లే నేర్పిస్తారు. 'మునుపటి మనిషి' గురించి మాత్రం ఆయన ఆశను ఒక్కరోజులో తుంచెయ్యకండి. మొదటి మూడు నెలల్లో వచ్చే మెరుగు వేగంగా ఉంటుంది, తరువాత నెమ్మదిస్తుంది, అయినా ఆగిపోదు. అంతవరకూ ఆయన ఆశకు ఆధారముంది. అచ్చం మునుపటి మనిషే కావాలంటే మాత్రం, అది మీకు కూడా ఇష్టం లేదని ఆయనకు ఏదో ఒకరోజు తెలియాలి.

ఆ నిశ్శబ్దం కావాలనుకోవడంలో తప్పేమీ లేదు. ముందు కూడా మీకది కొరతగానే ఉండి ఉంటుందని నా అనుమానం. రోజుకో అరగంట "నాకిప్పుడు మాట వద్దు" అని చెప్పి తలుపు వేసుకోండి. బొమ్మలు గీయడం, కూనిరాగం, మట్టి పని, మాట అక్కర్లేనిది ఏదైనా సరే. ఆ ఉదయమంత లోతుగా ఉండదు, ఉంటుందని ఆశపడొద్దు.

చివరికి పాప. మీ ఉత్తరం చదివినప్పుడు నాకు మీకంటే తన గురించే ఎక్కువ బెంగ కలిగింది.

"అమ్మా, నేనెవరు?" అన్నది ముద్దు కోసం అడిగే ప్రశ్న కాదు. ఆ పిల్ల రోజూ మీకు టెస్ట్ పెడుతోంది. ఆ రోజు మీరు తనను గుర్తుపట్టలేదన్నది తనకు తెలుసు, మీ కళ్లలోకి చూసింది తనే. మీరు దాస్తున్న రహస్యంలో సగం ఎప్పుడో తన దగ్గరే ఉంది. దాని పక్కనే ఇంకొకటి ఉంది: నవ్వుతోంది కదా అని నేను జడ వేసుకోవడానికి వెళ్లాను. పదకొండేళ్ల పిల్లలు ఫోన్‌లో వెతుకుతారు. స్ట్రోక్‌లో నిమిషానికి 19 లక్షల న్యూరాన్లు, అంటే మెదడు కణాలు, పోతాయన్న 2006 నాటి అంచనా ఒకటి ప్రతిచోటా తిరుగుతూ ఉంటుంది. పాప దాన్ని పదిహేనుతో గుణించి ఉండకూడదనే కోరుకుంటున్నాను. మీరు నోరు మెదపకపోతే కలిగే రెండో నష్టం ఇదే. మీరు 'నేను తల్లిని కానేమో' అనుకుంటూ, తను 'నా వల్లే ఇలా అయిందేమో' అనుకుంటూ, ఒకే పావుగంటను చెరో చివర పట్టుకుని తిరుగుతారు.

తనకు ఎంత చెప్పాలన్నది మీ ఇష్టం. "ఆ రోజు నువ్వెవరో నాకు తెలియలేదు, నేనెవరో కూడా నాకు తెలియలేదు" అన్నంతవరకు చెప్పవచ్చు. అది తనకు కొత్త సంగతి కాదు, మీ నోట వినడమే కొత్త. హాయి మాట కూడా ఎత్తవచ్చు. మీరు అన్నిటికంటే సిగ్గుపడుతున్న ఆ ముక్కే తనకు అన్నిటికంటే మేలు చేయవచ్చు. తను జడ వేసుకుంటున్నంతసేపూ అమ్మ నొప్పితో విలవిల్లాడిందనుకుంటున్న పిల్లకు, "నొప్పి లేదు, భయం లేదు, నీ గొంతు వినబడుతోంది, ఆగకూడదనిపించింది" అంటే ఎలా ఉంటుందో ఊహించండి. అయితే తను వెంటనే "నేను లేకపోయినా హాయిగా ఉందా?" అని అడగవచ్చు. దానికి సిద్ధపడే మొదలుపెట్టండి. మీకిప్పుడే జవాబు లేకపోతే హాయి మాట కొన్నేళ్లు ఆపండి, నొప్పి లేదన్నంతవరకే చెప్పండి. ఏది ఎంచుకున్నా అబద్ధం మాత్రం వద్దు. "గుర్తుపట్టానే, ఆటపట్టించాను" అంటే తను రేపటి నుంచి తన కళ్లనే నమ్మడం మానేస్తుంది.

ఆ రోజువారీ పరీక్ష నుంచి కూడా తనను తప్పించాలి. ఆపేయమంటే ఆగదు. అంతకంటే మంచి పరీక్ష నేర్పించండి: అమ్మ నవ్వితే మూతి రెండువైపులా సమంగా కదులుతోందా, రెండు చేతులూ ఎత్తితే ఒకటి కిందికి వాలుతోందా, చెప్పిన వాక్యాన్ని తిరిగి సరిగ్గా చెబుతోందా. ఒక్కటి తేడాగా ఉన్నా అంబులెన్స్‌కూ నాన్నకూ ఫోన్. నంబర్లు కాగితం మీద పెద్దగా రాసి గోడకు అంటించండి. ఇది రోజూ చేసే పని కాదనీ, అనుమానం వచ్చిన రోజే చేయాలనీ, కాపలా కాయాల్సింది పెద్దవాళ్లేననీ చెప్పండి. రెండు మూడు నెలలైనా తన నిద్రలోనో, చదువులోనో, పొద్దుటి ప్రశ్నలోనో మార్పు లేకపోతే పిల్లల కౌన్సెలర్ దగ్గరకు తీసుకెళ్లండి.

ఇవన్నీ ఒకేరోజు చేయలేరు, చేయాల్సిన పనీ లేదు. డాక్టరు, మీ వారు, పాప అన్న వరుసలో వెళ్తే మీకు తేలిక. పాప నుంచే మొదలుపెట్టాలనిపిస్తే అదీ సరే. తల దువ్వుతూ మాట్లాడండి, ముఖాలు చూసుకోనక్కర్లేదు. వేళ్లు తిమ్మిరిగా ఉన్నాయి కాబట్టి పాయలు వదులుగానే వస్తాయి, తనేమీ అనుకోదు. ఆ రోజు తను జడ వేసుకోవడానికి వెళ్లిన సంగతి మాత్రం మీరే ముందు ఎత్తండి. తను ఎత్తదు.